కరెంటు పోతే బ్రష్షు

మా అమ్మాయి లేతు మిషను కొంటానన్న రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

ఆమె కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. రైలు పట్టాలకు అవతల వీధిలో చిన్న షాపు. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో సామాను. పాత మిషన్లకు విడిభాగాలు దొరకవు. ఇరుసుకు తొడిగే బుష్షు అరిగితే కొత్తది లేతు మీద తిప్పించుకోవాలి, పిన్ను విరిగితే ఇంకోటి చేయించుకోవాలి. వారానికి రెండో మూడో, అంతే. అవి చేసిపెట్టే టర్నరు షాపు ఎత్తేసి వెళ్ళిపోయాడు. పెద్ద వర్కుషాపుల్లో అడిగితే వేలెడు లేని బుష్షు కోసం మా పని ఆపమంటావా అని నవ్వారట. విప్పిన మిషన్లు విప్పినట్టే పడున్నాయి. వాటి తాలూకు మనుషులు రోజూ వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి పోతున్నారు. ఇంకో నెల చూస్తారు, తర్వాత వేరే చోటికి పట్టుకుపోతారు.

"చిన్నది చాలు నాన్నా. బల్ల మీద పెట్టుకునేది, చవకది. నువ్వు చూసి సరే అంటేనే కొంటాను" అంది.

నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని మా ఇంట్లో లెక్క. ఈసారి ఆ లెక్క తప్పు. కానీ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ముప్పై ఆరేళ్ళు ఫ్యాక్టరీలో లేతు మీద నిలబడి పనిచేశాను. నా పక్క మిషను మీద ఒకాయన ఉండేవాడు. నడుం వంచకుండా పనిచేస్తాడని ఆయన్ని నిటారు అని పిలిచేవాళ్ళం. ఒక ఉదయం ఆయన చొక్కా చెయ్యి చక్కుకు తగులుకుంది. చక్కు అంటే లేతులో ఇనుమును పట్టుకుని తిప్పే మూడు దవడల ఇనప ముద్ద. దానికి ఇనుమూ మనిషీ ఒకటే. చొక్కాను చుట్టుకుంది, చొక్కాలో ఉన్నదాన్నీ చుట్టుకుంది. నేను పరిగెత్తి ఎర్ర బొత్తాం నొక్కాను. ఎంతసేపు పట్టిందని ఎవరైనా అడిగితే మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు. ఆ తర్వాత నిటారు ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నాడు.

ఆ రోజు నుంచి నేను పొడుగు చేతుల చొక్కా తొడగలేదు. పెళ్ళికి కూడా పొట్టి చేతుల చొక్కాతోనే కూర్చున్నాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఎందుకు తొడగలేదో ఆమెకూ చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. చెబితే అది మళ్ళీ జరుగుతుందేమోనని ఒక పిచ్చి భయం.

వద్దంటే అమ్మాయి మానదు. నేను రాకపోతే ఒక్కతే వెళ్ళి ఏదో ఒక దిక్కుమాలిన దాన్ని కొనేస్తుంది. అందుకని వెళ్ళాను.

మొదట కొత్త సామాను అమ్మే షాపుకు పోయాం. గాజు బీరువాల మధ్య బల్ల మీద చిన్న లేతు పెట్టి ఉంది. మెరిసిపోతోంది. షాపాయన కళ్ళద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. మూత తీసి చూపించమన్నాను. లోపల గేర్లు ప్లాస్టిక్‌వి. పనిముట్టును పట్టుకునే దిమ్మెను పట్టి ఊపితే వదులుగా ఊడబోయే పన్నులా కదిలింది. ముందు వైపు పసుపు రెక్క ఒకటి, దాని కింద ఒక ఎర్ర బొత్తాం, ఒక పచ్చ బొత్తాం. రెక్కను వేలితో లేపి వదిలాను. టప్పున పడింది.

"ఇదేంటి, బొమ్మలాగా" అన్నాను.

"అది భద్రత కోసం పెద్దాయనా" అన్నాడు.

అమ్మాయి మిషనుతో వచ్చిన పుస్తకం తెరిచి మొదటి పేజీ చదవబోయింది. జాగ్రత్తలు అని పైన పెద్ద అక్షరాలతో ఉందంది. పుస్తకం ఇనుము కోయదమ్మా, మూసెయ్ అన్నాను. మూసేసింది. షాపాయన నా చేతుల వైపు చూసి, మీలాంటి వాళ్ళకు ఈ మిషను ఆనదులెండి అన్నాడు. వెక్కిరింపో పొగడ్తో తెలియలేదు. పొగడ్త అనుకున్నాను.

అక్కడి నుంచి పాత మిషన్లు అమ్మేవాడి దగ్గరికి వెళ్ళాం. రేకుల షెడ్డు. నేలంతా నూనె మరకలు. అక్కడ అడుగుపెట్టగానే నా ముక్కు ముప్పై ఏళ్ళు వెనక్కి పోయింది. వాడి దగ్గర చిన్న లేతులు రెండున్నాయి. ఒకదానికి ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు. గోటితో గీకితే రంగు కింద, కాలు దగ్గర, సన్నటి పగులు. పైన పటారం లోన లొటారం. రెండోదానికి రంగు ఎప్పుడో పోయింది. ఏదో పని నేర్పే బడి మూసేసినప్పుడు వచ్చిందట.

దాన్ని గంటన్నర చూశాను. లేతును చూసే పద్ధతి ఒకటుంది. బెడ్డు, అంటే పనిముట్టు అటూ ఇటూ జారే పట్టాలు, చక్కు దగ్గరే ఎక్కువ అరుగుతాయి, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. దిమ్మెను ఆ చివర బిగువుగా సర్ది ఈ చివరకు, చక్కు దగ్గరికి, జరపాలి. ఇక్కడికొచ్చేసరికి వదులైపోతే ఆ మిషను పని అయిపోయినట్టే. ఇది ఆ చివరా ఈ చివరా ఒకేలా జరిగింది. తిప్పి చూపించమన్నాను. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. లోపల గింజ రాలిన చప్పుడు లేదు. మిషను తిరుగుతుండగానే దాని తల మీద ఒక నాణెం నిలువుగా నిలబెట్టాను. పడలేదు.

"పెద్దాయనా, మిషను కొంటున్నావా, పిల్లనిస్తున్నావా? ఇన్ని చూపులేంటి?" అన్నాడు పాత మిషన్లవాడు.

అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చక్కు దవడలు విప్పించాను. పళ్ళు లెక్కపెట్టాను. దవడలు బిగించే తాళం చూశాను, బెల్టు చూశాను. భయం ఉన్నవాడు రెండుసార్లు చూస్తాడు. నేను మూడుసార్లు చూశాను.

వాడే ఒక మాట చెప్పాడు. దీనికి మొదట బొత్తాల పెట్టె ఉండేదట, కాలిపోయిందట, అది తీసేసి ఇంట్లో లైటుకు వాడే మీటలాంటిది గట్టిది కొత్తది పెట్టించానని చెప్పాడు. నేను మీట వేశాను, తిరిగింది. తీశాను, ఆగింది. సరే అన్నాను. ఫ్యాక్టరీలో కరెంటు పెట్టెలు గోడకుండేవి. అవి ఎలక్ట్రీషియన్ల సొత్తు. మూత తెరిస్తే మా చేతుల మీద కొట్టేవాళ్ళు. లేతు అంటే నా దృష్టిలో ఇనుము. ఇనుమంతా చూశాను.

చవకగానే ఇచ్చాడు. ఇంకేమైనా చూడాలా నాన్నా అని అమ్మాయి అడిగింది. ఏమీ లేదన్నాను.

షాపు వెనక గదిలో బల్లకు నాలుగు బోల్టులతో బిగించాం. ప్లగ్గు పెట్టే చోటు బల్ల వెనక, గోడకు, మోకాలి ఎత్తున ఉంది. అల్లుడు వ్యాను తోలతాడు. ఆ రోజు పని మానుకుని వచ్చి బరువులు మోశాడు. మామగారూ, దీన్ని చూస్తే మా ఆవిడకన్నా నెమ్మదస్తురాలిలా ఉంది అన్నాడు. అమ్మాయి తడి గుడ్డ విసిరింది.

పది రోజులు రోజూ వెళ్ళి నేర్పాను. నాకు పాఠాలు చెప్పడం రాదు. చేసి చూపిస్తాను, తర్వాత చెయ్యమంటాను. మాటల్లో చెప్పినవి నాలుగే. చేతులు మోచేతి పైకి ఉండాలి, జుట్టు గుడ్డలో ఉండాలి. తాళం చక్కులో ఉన్నంతసేపూ చెయ్యి తాళం మీదే ఉండాలి. ఫోను ముందు గదిలో వదిలెయ్యాలి, మోగినా సరే లేతు వదిలి పోకూడదు. నాలుగోది, కరెంటు పోతే బ్రష్షు.

ఈ నాలుగోది మా ఫ్యాక్టరీలో పుట్టిన మాట. అక్కడ కరెంటు తరచూ పోయేది. పోగానే గోడల మీద బొత్తాల పెట్టెలన్నీ ఒక్కసారి టక్కుమనేవి. ఎనభై మిషన్ల టక్కు. ఫోర్‌మన్ ఎక్కడున్నా "బ్రష్షు" అని అరిచేవాడు. ఎవడూ కూర్చోకూడదు. కరెంటు వచ్చేలోగా చక్కులో ఇరుక్కున్న ఇనప పొట్టు అంతా తుడిచెయ్యాలి. చేతులు లోపల పెట్టి, దవడలు విప్పి, తీరిగ్గా తుడిచేవాళ్ళం. కరెంటు వచ్చాక కూడా ఎవడి మిషను వాడు పచ్చ బొత్తాం నొక్కితేనే కదిలేది. అందుకని లేతులో చెయ్యి పెట్టడానికి కరెంటు పోయిన వేళను మించిన వేళ లేదని మాకు ఎముకల్లో ఇంకిపోయింది. అమ్మాయికి అదే చెప్పాను. ఆమె ఒక అట్టముక్క మీద రాసి మిషను పైన గోడకు అంటించింది కూడా.

పదకొండో రోజు నన్ను రావద్దంది. నువ్వు వెనక నిలబడితే నా చెయ్యి వణుకుతోంది నాన్నా అంది. నిజమే. నేను ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. ఆ చప్పుడు ఆమెకు వినపడేదట.

తర్వాత మూడు వారాలు ఏమీ జరగలేదు. ఆగిపోయిన కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఇళ్ళకు పోయాయి. మొదటిసారి సొంతంగా చేసిన బుష్షును అమ్మాయి నాకు తెచ్చిచ్చింది. వేలికి తొడిగి చూశాను. నునుపుగా ఉంది. ఆ రోజు అన్నం బాగానే తిన్నాను. నా భయం ముసలితనపు చాదస్తమేమో అనుకున్నాను.

ఆ మూడు వారాలూ దాటాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి అమ్మాయి ఫోను చేసింది.

"మీకూ పోయిందా నాన్నా? సరిగ్గా పని మధ్యలో పోయింది. నీ మాట ప్రకారం బ్రష్షు పట్టుకున్నా" అంది. ఒక దవడ సాఫీగా జరగడం లేదట, అది జరిగే గాడిలో ఏదో పడిందట. దవడలు మూడూ విప్పి పక్కన పెట్టిందట.

"బ్రష్షు సరిపోదు" అన్నాను. "గాడిలో వేలు పెట్టి నెమ్మదిగా తడుము. సన్న పొట్టు కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది."

సరేనంది. ఫోను ముందు గదిలో పెట్టేసి వెళ్తున్నానంది. నేను మంచం మీద ఒరిగాను. బిడ్డకు పని వచ్చింది అనుకున్నాను. కడుపు చల్లగా ఉంది.

మా ఆవిడ వంటగదిలో మిక్సీ ముందు కూర్చుని కరెంటును తిడుతోంది. పప్పు సగం నలిగి ఆగిందట. మూత తీసి గరిటెతో కలియబెడుతోంది. ఆమె తిట్లు ఒక దండలా సాగుతాయి, పువ్వు తెగదు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఉన్నట్టుండి మిక్సీ బుర్రుమంది. కరెంటు వచ్చింది. గరిట ఎగిరి గోడకు కొట్టుకుంది. పప్పు ఆమె మొహం మీద, గోడ మీద, నేల మీద.

"దీని మీట తీసెయ్యడం మర్చిపోయాను" అని మా ఆవిడ మొహం తుడుచుకుంటూ తనను తానే తిట్టుకుంది. నెత్తి మీద ఫ్యాను కూడా తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది.

నేను ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాను. ఎవరూ నొక్కలేదు. మీట వేసినట్టే ఉంది, కరెంటు వచ్చింది, తిరిగింది. ఇంట్లో లైటుకు వాడే మీటలాంటిదే గట్టిది కొత్తది పెట్టించానన్నాడు వాడు. పని మధ్యలో పోయింది అంది అమ్మాయి. పని మధ్యలో అంటే మీట వేసే ఉంది.

ఫోను అందుకుని అమ్మాయికి కొట్టాను. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ కొట్టాను. ముందు గదిలో, బల్ల మీద, ఎవరూ లేని చోట అది మోగుతూ ఉంటుంది. మోగినా లేతు వదిలి పోకూడదు. నేనే చెప్పాను. అల్లుడు ఆ రోజు వేరే ఊళ్ళో ఉన్నాడు. పక్క షాపువాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు. మూడోసారి కూడా కొట్టాను. మూడోసారి మోగుతున్నప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మా ఇంటికి కరెంటు వచ్చేసింది. ఆమెకూ వచ్చేసి ఉంటే, ఆమె ఫోను ఎత్తకపోవడానికి కారణం నా మాట కాదు.

"ఏంటండీ, ఏమైంది?" అంది మా ఆవిడ. మొహం మీద ఇంకా పప్పు ఉంది.

"అమ్మాయి చెయ్యి" అన్నాను. చెప్పులు కనపడలేదు. అలాగే బయటపడ్డాను.

మా వీధి నుంచి రైలు పట్టాల దాకా ఎంత దూరమో నాకు అడుగులతో సహా తెలుసు. ఆ రోజు అది సాగిపోయింది. వీధిలో షాపుల్లో లైట్లు వెలుగుతున్నాయి. వెలిగిన ప్రతి లైటూ నా గుండెల్లో ఒక మేకు దింపినట్టుంది. ఒకడి దుకాణంలో రేడియో పాడుతోంది. ఇంకొకడి పిండి గిర్నీ తిరుగుతోంది. అందరికీ వచ్చింది కరెంటు.

పట్టాల మీద ఇనప వంతెన. నలభై రెండు మెట్లు. నా మోకాళ్ళు ఇరవై దగ్గర మొరాయిస్తాయి, ఎప్పుడూ అక్కడ ఆగి రైళ్ళు చూసే నెపంతో ఊపిరి పీల్చుకుంటాను. ఆ రోజు ఆగలేదు. కమ్మీ పట్టుకుని ఎక్కాను. ఎక్కుతూ ఒక్కటే లెక్కపెట్టాను, మూడు అంకెలు. ఒకటి, రెండు, మూడు. నిటారుకు నేను ఉన్నాను, బొత్తాం నొక్కడానికి. అమ్మాయి పక్కన ఎవరూ లేరు. మూడుతో ఆగదు. ఎవరో వచ్చి మీట తీసేదాకా తిరుగుతూనే ఉంటుంది.

పైకెక్కి అవతలి వైపు చూశాను. వంతెన దిగువన సెలూను. దాని గుమ్మంలో సెలూనువాడు పేపరుతో విసురుకుంటున్నాడు. పక్కనే స్టూలు మీద ఒకాయన సగం గీసిన గడ్డంతో, మెడకు తెల్ల గుడ్డతో కూర్చున్నాడు. లోపల చీకటి.

అటువైపు కరెంటు ఇంకా రాలేదు.

దిగిన సంగతి నాకు గుర్తులేదు. కింద పడలేదన్నది మాత్రం నిజం.

"ఏంటి పెద్దాయనా, ఈ పరుగు? మీవైపు వచ్చిందటగా" అన్నాడు సెలూనువాడు. "మాకూ వచ్చేస్తుందిలే. ఇందాక ఫోను చేశాను, ఐదు నిమిషాలన్నారు."

"ఈ సగం గడ్డంతో నేనూ ఆ ఐదు నిమిషాల కోసమే చూస్తున్నా" అన్నాడు స్టూలు మీదాయన.

ఎప్పుడు అన్నారు ఐదు నిమిషాలని? అడగడానికి ఊపిరి లేదు. అమ్మాయి షాపు అక్కడికి తొమ్మిదో గుమ్మం. వెళ్తూ షాపుల్లోకి చూస్తూ వెళ్ళాను. చీకటి, చీకటి, చీకటి. చీకటిని చూసి అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ముందు గదిలో ఎవరూ లేరు. ఫోను బల్ల మీద ఉంది. వెనక గదిలో కిటికీ వెలుతురులో అమ్మాయి వంగి నిలబడి ఉంది. నాకు వీపు కనిపిస్తోంది. జుట్టు గుడ్డలో ఉంది. చేతులు మోచేతి పైకి మడిచి ఉన్నాయి. నేను చెప్పినవన్నీ చేసింది. కుడి చెయ్యి మణికట్టు దాకా చక్కుకు ఆని ఉంది, వేళ్ళు గాడిలో ఉన్నాయి. మీట చూశాను. వేసే ఉంది.

అరవాలి. అరిస్తే ఉలిక్కిపడి ఆమె ఏం చేస్తుందో, వేళ్ళు గాడిలో ఇరుక్కుంటాయేమో. మీటకు చెయ్యి చాపాలంటే ఆమె అడ్డం ఉంది. మోకాళ్ళ మీద కూలబడి, బల్ల కిందికి దూరి, గోడ దగ్గరికి చెయ్యి చాపాను. ప్లగ్గు చేతికి తగిలింది. లాగాను. ఒకసారికి రాలేదు. రెండోసారి ఊడి వచ్చింది.

"అమ్మో" అని అమ్మాయి ఎగిరి గంతేసింది. తర్వాత కిందికి వంగి చూసింది. "నాన్నా? బల్ల కింద ఏం చేస్తున్నావ్?"

నేను బల్ల కిందే కూర్చుని ఉన్నాను. ప్లగ్గు నా చేతిలో ఉంది. నా కాళ్ళ వైపు చూసి, చెప్పులేవి, అమ్మకేమైనా అయిందా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. నీళ్ళు తెచ్చింది. తాగాను. ప్లగ్గు మాత్రం వదల్లేదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. కాసేపటికి వీధిలో ఎవరో ఓయ్ అని అరిచారు. గదిలో బల్బు వెలిగింది. సెలూనువాడి ఐదు నిమిషాలు అప్పుడు అయ్యాయి.

లేచాను. గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడమన్నాను. ఎందుకని అడగలేదు, నా మొహంలో ఏదో చూసి ఉంటుంది. మీటను ముట్టుకోలేదు. ఆమె బ్రష్షు తీసుకుని, ఆమె వేళ్ళున్న గాడిలోనే కుచ్చు వైపు దూర్చి నిలబెట్టాను. బల్ల వెనక్కి వెళ్ళి, ఒళ్ళు పక్కకు తప్పించి, ప్లగ్గు పెట్టాను.

చక్కు తిరిగింది. బ్రష్షు పిడి ఒక చుట్టు తిరిగి బెడ్డుకు కొట్టుకుంది. టప్పుమని రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరి గోడకున్న అట్టముక్కకు తగిలి కింద పడింది. రెండో ముక్కను చక్కు తిప్పుతూనే ఉంది. ప్లగ్గు లాగేశాను. అది నెమ్మదిగా, తొందర లేకుండా ఆగింది.

అమ్మాయి తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూస్తోంది.

"నేను మీట తీసెయ్యలేదు నాన్నా" అంది.

"తీసెయ్యమని నేను చెప్పలేదు."

"నాకు తెలియాలి కదా."

"నాకు తెలియాలి" అన్నాను. "ఇనుమంతా చూశాను. దీన్ని చూడలేదు. తప్పు నాది."

ఆ మాట ఆమె నా నోట ఎప్పుడూ వినలేదు. వినలేనట్టు మొహం పక్కకు తిప్పుకుంది. అప్పుడు నిటారు సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను, మూడు అంకెలతో సహా. పొట్టి చేతుల చొక్కా సంగతి కూడా చెప్పాను. నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి కూర్చుని వింది. ఇది ముందే చెప్పి ఉంటే నేను మిషనే కొనేదాన్ని కాదు కదా అంది. చెబితే అది మళ్ళీ జరుగుతుందేమోనని భయపడ్డాను అన్నాను. కొనకపోయుంటే షాపు పోయేది. ఆమె లేచింది. గోడ మీది అట్టముక్క తీసి, వెనక్కి తిప్పి, "ముందు ప్లగ్గు, తర్వాత బ్రష్షు" అని రాసి మళ్ళీ అంటించింది.

మర్నాడు ఒక్కణ్ణే కొత్త సామాను షాపుకు వెళ్ళాను. కళ్ళద్దాలాయన నన్ను గుర్తుపట్టాడు. ఆ పసుపు రెక్క ఉన్న బొత్తాల పెట్టె విడిగా ఇస్తావా అని అడిగాను.

కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను తేరిపార చూశాడు. "మిషను బొమ్మ, బొత్తాం మాత్రం కావాలా పెద్దాయనా?"

"కావాలి" అన్నాను.

ఎందుకని అడిగాడు. చెప్పాను. నేను ముక్కూ మొహం తెలియనివాడికి అంత పొడుగు సంగతి చెప్పడం అదే మొదలు. విన్నాక ఆయన వెక్కిరించలేదు. లోపలి నుంచి పెట్టె తెచ్చాడు. కరెంటు పోయి వస్తే ఇది దానంతట అది అంటుకోదు, పచ్చది నొక్కాల్సిందేనని నొక్కి చూపించాడు. ఆ పుస్తకం మొదటి పేజీలో ఉన్నది ఇదేనట.

ఎలక్ట్రీషియను వచ్చి పాత మీట పీకేసి దాన్ని బిగించాడు. అయిపోయిందన్నాడు. నేను అతణ్ణి వెళ్ళనివ్వలేదు. అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి, పచ్చ బొత్తాం నొక్కి మిషను తిప్పాను. తిరుగుతుండగా ప్లగ్గు లాగాను. పెట్టెలో టక్కుమంది. ప్లగ్గు మళ్ళీ పెట్టాను. చక్కు కదల్లేదు. మళ్ళీ పచ్చది నొక్కాను, లాగాను, పెట్టాను. కదల్లేదు. ఐదోసారికి ఎలక్ట్రీషియను గడియారం చూసుకున్నాడు. పదోసారికి అమ్మాయి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది, కుడి చెయ్యి.

"చాల్లే నాన్నా. తిరగదు."

పదకొండోసారి కూడా లాగి పెట్టి చూశాను.